కింది ఇంటి ముక్కు

నవంబరు 3

జలుబు తగ్గింది. జ్వరం కూడా పోయింది. ఇవాళ కిందికి దిగి బజారుకు వెళ్ళాను. మిర్చి కొట్టువాడు మోసగాడు. గుప్పెడు ఎండుమిర్చి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను, ఎండుగడ్డి నయం. ఆ మాట వాడి మొహం మీదే అన్నాను. నిరుడు నువ్వు మెచ్చుకుని కొన్న రకమే కదా తాతా అన్నాడు. నిరుడు నేను మెచ్చుకోలేదు. నేనెవరినీ మెచ్చుకోను. అయినా కొన్నాను, ఇంకో కొట్టు దాకా మెట్లెక్కే ఓపిక లేక.

వచ్చే నెల ఇరవై మూడున మా పడవ నడిపిన తాన్ సరంగుకు ఎనభై నిండుతాయి. మా ఇంట్లో హాట్‌పాట్, బల్ల మధ్య మరిగే కారం చారులో ముక్కలు ముంచుకు తినే విందు. మేం నదిలో ఒకే పడవ మీద ఉన్నన్నాళ్ళూ ఆ చారుకు మసాలా ముద్ద ఆయనే వేయించేవాడు. మోకాళ్ళు పోయి పడవ దిగిన రోజున గరిటె నా చేతిలో పెట్టి, ఇక నీదేరా రాన్ అన్నాడు. అప్పటినుంచి ప్రతి చలికాలం నేనే. ఇప్పుడు మిగిలింది ముగ్గురం. సరంగు, నేను, ఇంజను గదిలో పనిచేసిన కువాంగ్.

కువాంగ్ ఫోను చేశాడు. ఈ వయసులో పొగలో దగ్గడం ఎందుకురా, కొట్లో అచ్చు కట్టిన ముద్ద దొరుకుతుంది, నీళ్ళలో వేస్తే కరిగిపోతుంది అన్నాడు. నిన్నే వేస్తాను నీళ్ళలో అన్నాను.

సరంగు ఎనభయ్యో పుట్టినరోజుకు అచ్చు ముద్దట. ఆ రోజు గరిటె కువాంగ్ చేతికి పోతే నేను ఆ బల్ల దగ్గర కూర్చోను.

నవంబరు 6

వెనిగర్‌లో కల్తీ. పులుపు ఉంది, ఘాటు లేదు. సీసా తిరిగి పట్టుకెళ్ళాను. కొట్టు అమ్మాయి మూత తీసి వాసన చూసి తల వెనక్కి లాక్కుంది. నటన. ఇంకో సీసా ఇచ్చింది. అదీ అంతే. టీ కూడా ఉత్త వేడినీళ్ళు. దేశంలో నిజమైన సరుకే లేకుండా పోయింది.

నవంబరు 8

తిమ్మిరి మిరియం, ముద్దలో వేస్తే నోరు మొద్దుబారించేది, ఒకటి కొరికి చూశాను. పెదవులు రెండూ పక్కింటివాడివి అయిపోయాయి. నా నోరు బాగానే ఉంది. చెడింది సరుకే.

నవంబరు 11

ముద్ద ఎలా కుదురుతుందో చూద్దామని ఒక మూకుడు వేయించి కువాంగ్‌ను పిలిచాను. ఫ్రిజ్‌లో వెనకాల ఎద్దు కొవ్వు గడ్డ ఒకటి ఉంది, అదే వాడాను. ముద్ద కాస్త నల్లబడింది. వేగితే నల్లబడదా మరి. కొద్దిగా చేదు తగిలింది, ఆ పాపం మిర్చి కొట్టువాడిది. సరుకులో పస లేదు కాబట్టి మిర్చి రెట్టింపు వేశాను, తిమ్మిరి మిరియాలు దోసిలి నిండా.

కువాంగ్ మామూలుగా నోరు మూసుకుని తినలేడు. బోటి ఎక్కువసేపు ముంచావనీ, నువ్వుల నూనెలో వెల్లుల్లి తక్కువైందనీ ఏదో ఒకటి వాగుతూనే ఉంటాడు. ఇవాళ చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు. బాతు పేగులు నాలుగు తిని కడుపు నిండింది అన్నాడు. ఒకప్పుడు కుండ అడుగు కనిపించేదాకా లేవని మనిషి. ముసలాడైపోయాడు పాపం. ఎలా ఉందిరా అంటే కారంగా ఉంది అన్నాడు.

గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ తన చొక్కా వాసన చూసుకున్నాడు.

నవంబరు 14

కింది ఇంటావిడ పైకొచ్చింది.

ఈ సుజో ఆవిడ, పేరు షెన్, కూతురి దగ్గర ఉండడానికి వచ్చి పన్నెండేళ్ళు. పులుసులో పంచదార పోసుకునే ఊరు వాళ్ళది. మా రెండు వంటిళ్ళకూ నీళ్ళ గొట్టం ఒకటే. నేను మిర్చి వేయించినప్పుడల్లా ఆవిడ అప్పడాల కర్రతో ఆ గొట్టం మీద కొడుతుంది. నేను పైనుంచి గరిటెతో తిరిగి కొడతాను. మా పరిచయం అంతే.

ఇవాళ ముక్కుకు తడిగుడ్డ అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. పోట్లాటకు వచ్చిన మొహంలా లేదు. నా భుజం మీదుగా లోపలికి తొంగి చూసింది.

"రాన్ గారూ, ఒంట్లో కులాసాగానే ఉందా?"

"నాకేం, రాయిలా ఉన్నాను."

"మరి మూడు రోజులబట్టి ఏమిటా కంపు? ఎక్కడైనా ఎలుక చచ్చిందేమో చూసుకోండి. మీ రోజువారీ కంపు నాకు తెలుసు. ఇది మీది కాదు."

నా ముద్దని కంపు అనేపాటి ధైర్యమా అని గొంతు లేపాను. ఆవిడ లేపలేదు. కొవ్వు పాడైంది, పైగా ముద్ద మాడింది, ఇన్నేళ్ళలో మీరు మాడ్చడం ఇదే మొదలు, అందుకే చూడవచ్చాను అంది. తలుపు వేసేశాను.

వేశాక ఫ్రిజ్ తీసి మిగిలిన కొవ్వు ముక్క వాసన చూశాను. ఏమీ లేదు. మంచి వాసనా లేదు, చెడ్డ వాసనా లేదు. వెల్లుల్లి చితక్కొట్టి చూశాను. ఏమీ లేదు. జొన్న సారా మూత తీశాను. ముక్కు చల్లబడింది, అంతే. నడుముకు రాసుకునే తైలం వేలికి అద్ది ముక్కు కింద పెట్టుకున్నాను. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. వాసన మాత్రం లేదు.

చెప్పు కూడా వాసన చూశాను. ఇది ఎవరికీ చెప్పేది కాదు.

నవంబరు 15

నిన్నటి సంగతి పెద్దదేం కాదు. జలుబు లోపల మిగిలి ఉంది. ఆవిరి పట్టాను.

నవంబరు 16

ఆవిరి పట్టాను.

నవంబరు 17

ఆవిరి పట్టాను.

నవంబరు 19

విచిత్రంగా ఉంది. రాసుకోవాలి.

ముల్లంగి ముక్క, బేరిపండు ముక్క ఒకే కొలతకు కోసి, కళ్ళు మూసుకుని చేతికి ఏది వస్తే అది నోట్లో పెట్టుకున్నాను. తీపి ఉన్నది బేరి అని తెలిసింది. తీపి తప్పితే రెండూ తడిసిన చెక్కలే. తరవాత ఉల్లిపాయ. తినేశాక కళ్ళు తెరిస్తే గానీ ఉల్లి అని తెలియలేదు. డెబ్బై రెండేళ్ళు వచ్చి చిన్నపిల్లాడిలా నోట్లో ఏవేవో పెట్టుకుంటూ మధ్యాహ్నమంతా గడిపాను.

తరవాత నా ముద్ద కాస్త నీళ్ళలో మరిగించి కళ్ళు మూసుకుని తాగాను. ఉప్పు తెలిసింది. వేడి తెలిసింది. మంట తెలిసింది. నాలుక తిమ్మిరెక్కింది. ఇవన్నీ తెలిశాయి కదా, ఇంకేం కావాలి? అదే రుచి అనుకుని ఈ నెలంతా తిన్నాను. తేడా ఉందన్న అనుమానం కూడా రాలేదు. వేరే ఊరివాడైతే మొదటి ముద్దకే కనిపెట్టేవాడేమో. మా చోంగ్‌చింగ్‌వాడు నోరు మండితే చాలు భోజనం బాగుందంటాడు.

మరి మంటా తిమ్మిరీ తీసేస్తే ఇన్నేళ్ళూ నేను తిన్నది ఏమిటి? దానికో రూపం ఉండాలి కదా. గుర్తు చేసుకుందామని చాలాసేపు కూర్చున్నాను. పేరు గుర్తుంది. మనిషి మొహం గుర్తుకు రాని పేరులా ఉంది.

నవంబరు 21

ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు కుర్రది. నా ముక్కులోకి దీపం వేసి చూసింది. జ్వరంతో పాటు పోయి ఉంటుంది, ఈ వయసులో తిరిగి వస్తుందో రాదో చెప్పలేను, రోజూ నాలుగు రకాల వాసనలు చూస్తూ ఉండండి అంది. పొయ్యి వెలిగించి బయటికి వెళ్ళొద్దంది, గ్యాసు వదిలినా మీకు తెలియదు అంది.

మిరియం తిమ్మిరి బాగా తెలుస్తోందే అన్నాను. అది రుచి కాదట. కారం కూడా రుచి కాదట. నాలుకను ఎవరో గిల్లుతున్నట్టు లెక్కట, అది తెలియడానికి ముక్కు అక్కర్లేదట.

"అయితే మా ఊరంతా గిల్లించుకోవడానికే డబ్బు పోసి తింటోందా?"

"నాదీ ఈ ఊరే తాతా" అంది. నవ్వలేదు. మంచి పిల్ల.

నవంబరు 22

కువాంగ్‌కు చెప్పాలా. చెపితే గరిటె వాడిది. వాడు అచ్చు ముద్ద తెస్తాడు. సరంగు ఒక్క ముంచు ముంచి నా మొహం చూస్తాడు. చెప్పను.

నవంబరు 25

చెవులున్నాయి, కళ్ళున్నాయి. వాటితో వేయించాను.

కొత్త కొవ్వు తెచ్చాను. కొట్టువాడి చేతే వాసన చూపించాను. మిర్చి ఉడకబెట్టి, రోట్లో దంచి, కరిగిన కొవ్వులో వేశాను. ఇంతకు ముందు ఎప్పుడూ వినలేదు, ఇవాళ విన్నాను. మిర్చిలో నీరున్నంత సేపూ మూకుడు బురదలో నడిచినట్టు శబ్దం చేస్తుంది. పెద్ద బుడగలు, బద్ధకం బుడగలు. నీరు ఇగురుతూ ఉంటే శబ్దం సన్నబడుతుంది, ఇసుక జారినట్టు. మిర్చి తొక్క అంచులు తెల్లబడతాయి. ఇదంతా ఇన్నేళ్ళూ నా కళ్ళ ముందే జరిగింది, నేను మాత్రం ముక్కుతోనే వండాను.

కానీ చివర ఒక్క క్షణం ఉంటుంది. పులియబెట్టిన చిక్కుడు గింజల ముద్ద, నల్ల సోయా గింజలు, యాలకులు, అనాసపువ్వు అన్నీ పడ్డాక పచ్చివాసన పోయి అసలు వాసన తిరుగుతుంది. అప్పుడే మంట తగ్గించి సారా చల్లాలి. ముందు చల్లితే పచ్చి, తరవాత చల్లితే చేదు. ఆ తిరిగే క్షణం చెవికి దొరకలేదు. కంటికి దొరకలేదు. ఇంకా కాలేదు, ఇంకా కాలేదు అనుకుంటున్నాను. కింద గొట్టం మీద దబదబా మోగింది. ఉలిక్కిపడి మూకుడులోకి చూస్తే అంచు చుట్టూ నల్లగా పాకుతోంది.

పారబోశాను.

ఆవిడకు తెలిసింది. ఒక అంతస్తు కింద కూర్చుని నాకంటే ముందు తెలుసుకుంది.

నవంబరు 27

కింది ఇంటికి వెళ్దామనుకున్నాను. వెళ్ళలేదు.

నవంబరు 28

కమలాలు తీసుకుని కిందికి వెళ్ళాను. వంటింట్లో కూర్చోబెట్టింది. గొట్టం మీద ఆవిడ కర్రతో కొట్టే చోట రంగు లేచిపోయి ఉంది.

ఏం చెప్పాలో అనుకున్నదంతా మెట్ల మీదే పోయింది. నాకు వాసన రావడం లేదు అన్నాను. ఈ మాట నోటితో అనడం ఇదే మొదలు. అయ్యో అనలేదు ఆవిడ. ఒక కమలా ఒలిచి, నా ముద్ద ఎలా తయారవుతుందో తనే చెప్పడం మొదలుపెట్టింది.

ముందు మాంసపు వాసన, వేడి ఇస్త్రీ కింద ఉన్ని బట్టలా. అప్పుడు ఆవిడ వంటింటి కిటికీ మూస్తుంది. తరవాత అల్లం, వెల్లుల్లి. అది బాగానే ఉంటుందట. తరవాత పుల్లగా, తడిగా, గొంతు పట్టేసే మిర్చి. అప్పుడు వసారాలో ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకుంటుంది, గొట్టం మీద కొట్టేదీ అప్పుడే. తరవాత చాలాసేపు అదే. ఉన్నట్టుండి దగ్గు ఆగిపోతుంది. వాసన గుండ్రంగా అవుతుంది, వేయించిన బాదంలా. ఆ వెంటనే సారా గుప్పుమంటుంది. ఇక అయిపోయిందని ఆవిడ లేచి టీ పెట్టుకుంటుంది.

పన్నెండేళ్ళలో ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోలేదు. కారం పడదు.

నా వంటింట్లో నిలబడి ఆ గుండ్రంగా అయ్యే వేళ చెప్పగలరా అని అడిగాను. ఆవిడ కమలా తొనలు సగం నా వైపు జరిపింది.

"చెప్తాను. మీ పొగ ఫ్యాను మూతి నా కిటికీ మీదనుంచి తీసి అటు కొండ వైపు తిప్పించండి."

"అది పెట్టింది నేను. అక్కడే బాగా లాగుతుంది."

"లాగుతుంది. నా పరుపులోకి."

వచ్చేశాను. తొనలు తినలేదు.

డిసెంబరు 1

ఫ్యాను తిప్పించాను. దానికి గోడ కొట్టాల్సి వచ్చింది. మేస్త్రీ ఎందుకు తాతా అంటే గాలి దిక్కు మారింది అన్నాను.

డిసెంబరు 5

షెన్ గారు వచ్చారు. తలకు రుమాలు, పాత కోటు. నా వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నారు, కోర్టులో జడ్జీలాగా. నా వంటింట్లో నా వెనక ఒకరు కూర్చోవడం నాకు పడదు. ఆ మాట చెప్పాను. మీ వీపు చూడ్డం నాకూ అంత సరదా కాదన్నారు.

కొవ్వు కరిగింది. అల్లం వేశాను. ఆవిడ ఏదో అంటూనే ఉన్నారు. ఇప్పుడు చర్చి లాగా ఉంది, కాదు, గుడిలో పీఠం కింద లాగా ఉంది. ఇప్పుడు తడిసిన తాడు. నాకు తాడు వాసన గుర్తొచ్చింది. నిజంగా వచ్చింది. ముక్కులోకి కాదు, బుర్రలోకి. ఆ పడవ తాళ్ళు నలభై ఏళ్ళు మోశాను. తడిసిన తాడులా ఉందంటే మిర్చిలో నీరు ఇంకా పోలేదన్నమాట. శబ్దం కూడా బురదలోనే ఉంది. ఇద్దరం ఒకే చోట ఉన్నాం.

తరవాత తగువు. ఇసుక శబ్దం మొదలైంది, మసాలాలు వేశాను, మంట తగ్గిద్దామా అన్నాను. ఆగమన్నారు. అంచు నల్లబడుతుంది అన్నాను.

"అంచు సంగతి మీరు చూసుకోండి. నాకింకా దగ్గు ఆగలేదు."

ఆగాను. నా జన్మలో ఎవరైనా ఆగమంటే ఆగింది సరంగు మాటకే. ఆవిడ దగ్గుతూ చెయ్యి పైకెత్తి పట్టుకున్నారు. దగ్గు ఆగింది. చెయ్యి దింపారు. సారా చల్లాను. ఆవిరి పైకి లేచింది. ఆవిడ కళ్ళు మూసుకుని, ఇదే, టీ పెట్టుకునే వేళ అన్నారు.

నేను ఆవిరిలో తల పెట్టి ఎంత పీల్చినా ఉత్త వేడి గాలి. ఏమిటి వస్తోంది, చెప్పండి అన్నాను. ఆవిడ ఆలోచించారు. ఎండలో వేసిన దూది దుప్పటి ఇంట్లోకి తెచ్చి దులిపినట్టు, అన్నారు. మిర్చీ కొవ్వూ సారా కలిపితే దూది దుప్పటి ఏమిటో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు. కానీ వదలడం లేదు.

డిసెంబరు 9

కువాంగ్ ఫోను. ఆ రోజు అచ్చు ముద్ద ఒకటి సంచీలో వేసుకొస్తాను, మంచికీ చెడ్డకీ ఉంటుంది అన్నాడు. ఎందుకురా అంటే, ఊరికే అన్నాడు. వాడు ఊరికే ఏదీ మొయ్యడు.

డిసెంబరు 13

కిందికి వెళ్ళాను, పని ఉండి కాదు. మొన్న ఆవిడ తెచ్చిన గిన్నె తిరిగి ఇవ్వడానికి. వాళ్ళ ఊళ్ళో వేసవి వాన ఏ వాసన వేస్తుందని అడిగాను. నది వాసన ఏమిటి, బొగ్గు వాసన ఏమిటి. మీరు నది మీద బతికారు కదా, నన్నడుగుతారేం అన్నారు. ఎప్పుడూ పట్టించుకోలేదు అన్నాను. ఇన్నాళ్ళూ ముక్కు ఉంది కదా అని దాన్ని ఏమీ అడగలేదు.

డిసెంబరు 20

అసలు ముద్ద ఇవాళ వేయించాం. మూడు రోజులు ఊరాలి. ఆవిడ ఒక్కసారి తుమ్మారు, సరిగ్గా ఆ సమయానికి. నేను మంట తగ్గించి గరిటె ఎత్తి పట్టుకున్నాను. ముక్కు తుడుచుకుని, ఇంకొంచెం, ఇంకొంచెం, ఆఁ, అన్నారు. ఎర్రగా, అద్దంలా తేలింది నూనె.

వెళ్ళేటప్పుడు చెప్పాను, ఈ సంగతి ఎవరికీ తెలియకూడదు, ఆ రోజు మీరు పైకి రాకూడదు అని. ఎవరొస్తారు, ఎర్రటిది చూస్తేనే నాకు కడుపులో మంట అన్నారు. మెట్ల దగ్గర ఆగి కోటు గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది ఆవిడకు.

డిసెంబరు 22

శీతాకాలపు పెద్ద రాత్రి. ఊరంతా పొట్టేలు చారు తాగుతోంది. నేనూ తాగాను. గోరువెచ్చని ఉప్పునీళ్ళు.

డిసెంబరు 23

సరంగును కింద నుంచి మా ఇంటికి కుర్చీలో మోసుకొచ్చారు, ఇద్దరు కూలీలు. కుర్చీలోనే కూర్చుని వాళ్ళకు ఎటు తిరగాలో ఆజ్ఞలిస్తూ వచ్చాడు. కువాంగ్ వెనక సంచీ పట్టుకుని వచ్చాడు. సంచీలో ఇటుకలా ఉంది అది.

బల్ల మధ్య పొయ్యి పెట్టి కుండ ఎక్కించాను. ముద్ద వేశాను, ఎముకల చారు పోశాను. మరిగింది. పొరల బోటి, బాతు పేగులు, నెత్తురు గడ్డ, తామర దుంప, ఆఖర్న ఆయనకు ఆయుష్షు పెరగాలని పుట్టినరోజు సేమ్యా. సరంగు మొదటి బోటి ముక్క ముంచి, ఎత్తి, ముంచి, ఎత్తి నోట్లో పెట్టుకున్నాడు. కరకర నమిలాడు. బాగుందిరా అన్నాడు. ఆయన ఏటా బాగుందనే అంటాడు. నేను ఆయన్ని చూడటం లేదు. కువాంగ్‌ను చూస్తున్నాను.

కువాంగ్ ఒక ముక్క తిన్నాడు. ఆగాడు. ఇంకో ముక్క. చాప్‌స్టిక్స్ కింద పెట్టి, సంచీ తీసుకుని లేచి, బయట చెప్పుల దగ్గర పెట్టి వచ్చి కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్తానురా. పోయిన నెల నువ్వు నాకు పెట్టింది కుళ్ళిన కొవ్వు. ఆ చొక్కా రెండుసార్లు ఉతికింది మా ఆవిడ. చెపితే గరిటె పెట్టి కొడతావని ఊరుకున్నా. వీడి పని అయిపోయింది, సరంగు ముందు పరువు పోకూడదని ఇటుక మోసుకొచ్చా."

"ఇప్పుడో?"

"ఇప్పుడేంటి, ప్రాణం లేచొచ్చింది. జరుగు, ఆ పేగులు ఇలా ఇవ్వు."

సరంగు నవ్వి, గరిటె ఇంకా ఎన్నేళ్ళైనా వీడిదేరా అన్నాడు. ఇక దానికి తిరుగులేదు. నెలన్నర నుంచి నేను కోరుకున్నది అదే. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. కొవ్వు కొట్టువాడి మీద నెపం వేసి రెండు బూతులు తిడితే అయిపోయేది. తిట్టడం మొదలుపెట్టాను కూడా.

కానీ వాళ్ళు తింటున్నారు. కువాంగ్ వాగుతున్నాడు, సరంగు గడ్డం మీద నూనె కారుతోంది. నా కుండలోంచి ఏదో తీసి తింటున్నారు, అదేమిటో ఆ గదిలో నాకొక్కడికే తెలియదు. నాకు ఉప్పూ మంటా వస్తున్నాయి. ఎలా ఉందిరా అని అడిగాను. తిమ్మిరిగా ఉంది, కారంగా ఉంది, ఘుమఘుమలాడుతోంది అన్నాడు కువాంగ్. ఘుమఘుమ అంటే ఏమిటిరా అన్నాను. ఘుమఘుమ అంటే ఘుమఘుమే, పిచ్చా నీకు అన్నాడు. అన్నా, మీరు చెప్పండి అన్నాను. బాగుందన్నాను కదరా అన్నాడు సరంగు.

వీళ్ళ దగ్గర మాటల్లేవు. ముక్కులున్నాయి, మాటల్లేవు. నిప్పుల మీద కూర్చున్నట్టయింది నాకు. లేచాను. మంట తగ్గించి, ఎవరూ కదలొద్దు అని చెప్పి కిందికి దిగాను.

షెన్ గారు తలుపు తీశారు. ఇంట్లో కట్టుకునే బట్టల్లో ఉన్నారు. ఏమైంది, మాడిందా అన్నారు. మాడలేదు, రండి అన్నాను. రాకూడదన్నారుగా అన్నారు. అన్నాను, ఇప్పుడు రమ్మంటున్నాను అన్నాను.

పైకి తీసుకొచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టాను. కువాంగ్ నోరు తెరిచాడు. గొట్టం కొట్టే సుజో ఆవిడ ఈవిడే కదరా అన్నాడు. నేను బల్ల చివర నిలబడ్డాను. కూర్చుని చెప్పగల మాట కాదు.

"నాకు అక్టోబరు నుంచి వాసన రావడం లేదు. రుచీ లేదు. ఈ ముద్దకు చెయ్యి నాది. ముక్కు ఈవిడది."

కువాంగ్ సరంగు వైపు చూశాడు. నేను చూడలేదు. గరిటె బల్ల మీద సరంగు ముందు పెట్టాను.

సరంగు నోట్లో ఉన్నది నిదానంగా నమిలి మింగాడు.

"పొగమంచు రోజుల్లో మన పడవ నేను నడిపింది నా కళ్ళతోనా? ముందు నిలబడి వెదురు గడ నీళ్ళలో దించి లోతు అరిచింది ఎవడు?"

"నేనే."

"అప్పుడు చుక్కాని నీ చేతికి ఇచ్చానా?"

"లేదు."

"మరి దీన్ని నా మొహాన ఎందుకు పెట్టావు, నూనె అంటుకుంటోంది బట్టలకి. తీయ్."

తీశాను. కువాంగ్ మొహం తిప్పుకుని ఆవిడ గిన్నెలో నువ్వుల నూనె పోస్తున్నాడు, అంచు దాటి పోస్తున్నాడు.

షెన్ గారు నన్నే చూస్తున్నారు. కోపం ఉంది ఆ చూపులో, ఇంట్లో బట్టలతో లాక్కొచ్చాను కదా. ఒక తామర దుంప ముక్క ముంచి, తీసి, వేడినీళ్ళ గిన్నెలో ఒకసారి కడిగి, నూనెలో అద్ది నోట్లో పెట్టుకున్నారు. పన్నెండేళ్ళకు మొదటి ముక్క. మొహం ఎర్రబడింది. కళ్ళ నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. కువాంగ్ నీళ్ళ గ్లాసు పట్టుకుని లేచాడు. వద్దని చెయ్యి ఊపారు.

నేనొక బోటి ముక్క తీసి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను.

"చెప్పండి" అన్నాను.

"వాసనకీ దీనికీ పోలికే లేదు" అన్నారు. దగ్గారు. "ఆగండి. ముందు కొవ్వు. చలికి పగిలిన పెదవికి ఎవరో వెన్న రాసినట్టు. నమలండి, ఆపకండి. దాని కింద తీపి ఉంది, పంచదార కాదు, ఎండలో మగ్గిన రేగుపండు. అది మీ మిర్చి అనుకుంటాను. ఇంకా కింద ఏదో ఉంది. కట్టెల పొయ్యి ఆర్పేశాక తెల్లారి బూడిదలో చెయ్యి పెడితే ఉంటుందే గోరువెచ్చన, అది."

"తెలుసు" అన్నాను.

"అది."

నమిలాను. మంట ఉంది, తిమ్మిరి ఉంది. వాటి వెనక చీకటి గది. ఆ గదిలో ఆవిడ ఒక్కొక్క సామానూ చేతికి అందిస్తున్నట్టు చెప్పుకుంటూ పోతున్నారు. కొన్ని నాకు తెలిసినవి. కొన్ని ఇదివరకు ఎన్నడూ నా నోట్లో ఉన్నట్టు నాకే తెలియనివి. మూడో ముక్క దగ్గర నేను కళ్ళు తెరిచాను. సరంగు నమలడం మానేసి, చాప్‌స్టిక్స్ గాలిలో పట్టుకుని, అదేదో అప్పుడే తనకూ వడ్డిస్తున్నట్టు ఆవిడ నోటి వంక చూస్తున్నాడు.

"ఆ బూడిద మాట ఇంకోసారి చెప్పమ్మా" అన్నాడు.